బూటు ఉంది, పేరు లేదు

మన గుళ్ళలో కొన్ని ట్యూబ్‌లైట్లు వెలుగుతుంటాయి గానీ వెలుతురివ్వవు. గాజు గొట్టం నిండా దాత పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు, ఎవరి జ్ఞాపకార్థమో వాళ్ళ పేరు ఎర్ర రంగుతో రాసేశాక వెలుతురు బయటపడడానికి సందు మిగలదు. ఫ్యాను రెక్కల సంగతి ఇంకో తమాషా. అది ఆగితే తప్ప ఇచ్చినవారెవరో చదవలేం.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు ఎగువ భాగాన, హడ్సన్ నది పక్కన ఉన్న సారటోగా యుద్ధభూమిలో ఒక తెల్లరాయి ఉంది. దాని గురించి చదివినప్పుడల్లా నాకు ఆ ట్యూబ్‌లైటే గుర్తొస్తుంది. పెద్ద రాయేం కాదు. ఒకవైపు ఉబ్బెత్తుగా చెక్కిన ఫిరంగి గొట్టం, దాని మీద గుర్రపురౌతు తొడిగే పొడుగు బూటు, ఒక భుజకీర్తి, ఆకుల దండ. రెండోవైపు అక్షరాలు. నిలబెట్టినవారు జాన్ వాట్స్ డి పైస్టర్ అని మొదలవుతుంది. ఆయన సైనిక హోదా, సారటోగా స్మారక సంఘానికి ఆయన రెండో ఉపాధ్యక్షుడన్న సంగతి, 1887 అనే సంవత్సరం, అన్నీ ఉన్నాయి. ఆ తర్వాత అసలు విషయం: విప్లవ సైన్యంలోకెల్లా ప్రతిభావంతుడైన సైనికుడు 1777 అక్టోబర్ 7న ఈ చోటనే ఘోరంగా గాయపడ్డాడని, తన దేశస్థులకు విప్లవ గతిని తేల్చిన విజయాన్ని, తనకు మేజర్ జనరల్ హోదాను గెలుచుకున్నాడని. ఎవరా సైనికుడు? రాయి చెప్పదు. దాత పేరుంది. ఓడిపోయిన ఇంగ్లీషు సేనాని బర్గోయిన్ పేరు కూడా ఉంది. ఎవరి కోసం రాయి పాతారో ఆ మనిషి పేరు మాత్రం లేదు.

ఆ మనిషి బెనెడిక్ట్ ఆర్నల్డ్. అమెరికాలో బడిపిల్లలకు కూడా తెలిసిన పేరు. మనం మీర్ జాఫర్ పేరు వాడినట్టు వాళ్ళు నమ్మకద్రోహం చేసినవాణ్ణి ఆర్నల్డ్ అని తిడతారు. ఈ రాయి మీద చాలాకాలంగా మూడు రకాల మాటలు వినిపిస్తున్నాయి. పేరు చెక్కాల్సిందే అనేవాళ్ళు, దేశద్రోహికి రాయేమిటనేవాళ్ళు, ఉన్నది ఉన్నట్టు వదిలేయమనేవాళ్ళు. ఇందులో తలదూర్చేముందు, ఆ అమెరికా స్వాతంత్ర్య యుద్ధం జరిగిన మైదానాల్లో అధికారుల కోసం నిలిపిన మిగతా రాళ్ళను కూడా ఒకసారి చుట్టి రావాలి. చూసొస్తే తెలిసేదేమిటంటే, బూటు రాయి ఏమంత వింత కాదు. అందరూ మర్యాదగా చేసిన పనినే డి పైస్టర్ కాస్త పచ్చిగా చేశాడు.

ముందు ఆ అక్టోబర్ 7. కెనడా నుంచి బయల్దేరిన బర్గోయిన్ సైన్యం ఆల్బనీ మీదికి దిగుతోంది. సెప్టెంబర్ 19న ఫ్రీమన్ అనే రైతు పొలంలో మొదటి పోరు జరిగింది. దాని మీద అమెరికన్ సేనాధిపతి హొరేషియో గేట్స్ కాంగ్రెస్‌కు నివేదిక పంపుతూ ఆర్నల్డ్ పేరే ఎత్తలేదు. అంటే, ఈ మనిషి పేరు ఎగరగొట్టడం ద్రోహానికి మూడేళ్ళ ముందే మొదలైందన్నమాట. ఇద్దరికీ గొడవ ముదిరింది. గేట్స్ ఆయన చేతిలోంచి దళాన్ని లాగేసుకున్నాడు. అక్టోబర్ 7న బర్గోయిన్ మళ్ళీ కదిలాడు. ఆర్నల్డ్ గుర్రమెక్కి పోరులోకి దూకాడు. మొదట బాల్కరీస్ బురుజు మీదికి దళాన్ని నడిపించాడు, అది లొంగలేదు. అక్కణ్ణుంచి రెండు సైన్యాల తుపాకీ గుళ్ళ మధ్యగా గుర్రాన్ని అడ్డంగా తోలుకుంటూ, జర్మన్ సిపాయిలు కాపలా కాస్తున్న బ్రైమన్ బురుజు వైపు వెళ్ళాడు. దుంగలు పేర్చి కట్టిన గోడ అది. దాని పక్క సందులోంచి లోపలికి చొచ్చుకుపోతుండగా గుండు తగిలింది, గుర్రం కూలింది, ఎడమకాలు విరిగింది. 1775 డిసెంబర్ 31న క్వెబెక్ కోట మీద దాడిలో గాయపడ్డదీ ఆ కాలే. బురుజు కాస్తున్న బ్రైమన్ ఆ సాయంత్రమే చచ్చిపోయాడు. బురుజు పోయేసరికి బర్గోయిన్ సైన్యానికి ఒక పక్క అంతా బట్టబయలైంది. పది రోజుల తర్వాత, అక్టోబర్ 17న, సుమారు ఆరు వేలమందితో ఆయన లొంగిపోయాడు. ఆ కబురు పారిస్ చేరాక, 1778 ఫిబ్రవరి 6న ఫ్రాన్స్ అమెరికాతో ఒప్పందాల మీద సంతకం చేసింది. ఫ్రెంచి ఓడలు రాకపోతే 1781లో యార్క్‌టౌన్ విజయం లేదు. కాబట్టి ఈ యుద్ధమే విప్లవ గతిని తేల్చిందని రాయి అనడంలో అతిశయం లేదు.

అయితే ఇందులో కూడా చరిత్రకారులకు పేచీ ఉంది. గేట్స్ ఆజ్ఞను కాదని, పిచ్చెక్కినవాడిలా ఆర్నల్డ్ పోరులోకి దూకాడన్న కథ రెండు వందల ఏళ్ళు చెలామణీ అయింది. దాన్ని పెంచి పోషించినవాడు గేట్స్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన జేమ్స్ విల్కిన్సన్. 1816లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో ఆర్నల్డ్‌ను చిన్నబుచ్చే అవకాశం ఆయన ఒక్కటీ వదల్లేదు. ఆ విల్కిన్సనే ఏళ్ళ తరబడి స్పెయిన్ ప్రభుత్వం దగ్గర రహస్యంగా డబ్బు తింటున్నాడని తర్వాత బయటపడింది. ఒక ద్రోహి గురించి మనకు సాక్ష్యం చెప్పినవాడు ఇంకో ద్రోహి. ఈమధ్య, 2016 ప్రాంతంలో, న్యూహాంప్‌షైర్ దళానికి చెందిన నథానియల్ బాచెలర్ అనే అధికారి యుద్ధం జరిగిన రెండు రోజులకే భార్యకు రాసిన ఉత్తరం వెలుగులోకి వచ్చింది. దాన్నిబట్టి చూస్తే ఆర్నల్డ్ గేట్స్‌తో మాట్లాడి, ఆయన ఒప్పుకున్నాకే కదిలినట్టుంది. ముప్పై తొమ్మిదేళ్ళ తర్వాత అచ్చువేసిన పగకన్నా రెండో రోజు ఇంటికి రాసిన ఉత్తరమే నమ్మదగ్గది అని నేననుకుంటాను. కానీ ఆజ్ఞను ధిక్కరించి గుర్రమెక్కిన వీరుడన్న బొమ్మను వదులుకోవడం ఆర్నల్డ్ అభిమానులకే ఎక్కువ కష్టం.

తర్వాత కథ తెలిసిందే. కాలు తీసేస్తామంటే ఒప్పుకోలేదు. నెలల తరబడి ఆల్బనీ ఆసుపత్రిలో మంచం మీద ఉన్నాడు. లేచేసరికి ఆ కాలు రెండు అంగుళాలు పొట్టిదైంది. గుర్రమెక్కలేని సేనాని కదా అని వాషింగ్టన్ ఆయనను ఫిలడెల్ఫియాకు సైనిక పాలకుడిగా వేశాడు. అక్కడ డాబుసరి, అప్పులు, ఇంగ్లీషువాళ్ళతో పరిచయాలున్న ఇంటి అమ్మాయి పెగీ షిపెన్‌తో పెళ్ళి, తర్వాత సైనిక న్యాయస్థానంలో విచారణ, వాషింగ్టన్ మందలింపు. 1780లో వెస్ట్ పాయింట్ కోటను ఇంగ్లీషువాళ్ళకు అప్పగించడానికి బేరం. ఇరవై వేల పౌన్లు అడిగి ఆరు వేలు పుచ్చుకున్నాడు. మధ్యవర్తి మేజర్ జాన్ ఆండ్రే దొరికిపోయి ఉరికంబమెక్కాడు. ఆర్నల్డ్ నదిలో ఆగి ఉన్న ఇంగ్లీషు ఓడ ఎక్కేశాడు. గుర్రమెక్కగలిగిన కాలే ఉంటే ఫిలడెల్ఫియా ఉండేదా, ఆ అప్పులుండేవా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. అలాగని కాలు విరిగిన అధికారులందరూ కోటలు అమ్ముకోలేదు.

ఒక కథ వాడుకలో ఉంది. ఇంగ్లీషు కోటు తొడుక్కుని వర్జీనియా మీద దాడులు చేస్తున్న రోజుల్లో, చేజిక్కిన ఒక అమెరికన్ సిపాయిని ఆర్నల్డ్ అడిగాడట, నేను మీవాళ్ళకు దొరికితే ఏం చేస్తారని. సారటోగాలో గాయపడ్డ కాలు కోసి సైనిక లాంఛనాలతో పూడుస్తాం, మిగతా ఒంటిని ఉరి తీస్తాం అన్నాడట వాడు. నిజమో కల్పనో గానీ, నూరేళ్ళ తర్వాత డి పైస్టర్ రాతిలో చెక్కించింది సరిగ్గా ఈ జవాబే.

ఇప్పుడు మిగతా మైదానాల వైపు వెళ్దాం. ఆశ్చర్యం కలిగించే మొదటి సంగతి, ఆ రాళ్ళన్నీ ఎంత ఆలస్యంగా లేచాయన్నది. యుద్ధం నడుస్తుండగానే కాంగ్రెస్ ధారాళంగా తీర్మానాలు చేసింది. క్వెబెక్‌లో చనిపోయిన మాంట్‌గమరీకి 1776 జనవరిలోనే స్మారకం ప్రకటించింది. పారిస్‌లో ఉన్న ఫ్రాంక్లిన్ పని పురమాయించాడు కాబట్టి అది 1788కల్లా న్యూయార్క్ సెయింట్ పాల్ చర్చి గోడకెక్కింది. అదృష్టవంతుడు. ప్రిన్స్‌టన్‌లో బయొనెట్ పోట్లకు చనిపోయిన హ్యూ మెర్సర్‌కు 1777లో ఇచ్చిన మాట ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో విగ్రహంగా మారింది 1906లో. ఒరిస్కనీ లోయలో కాలికి దెబ్బ తగిలినా చెట్టుకు ఆనుకుని కూర్చుని ఆజ్ఞలిచ్చిన హెర్కిమర్‌కు 1777లోనే ఐదు వందల డాలర్ల స్మారకం ప్రకటించారు. యుద్ధభూమిలో స్తంభం లేచింది 1884లో. కామ్డెన్‌లో ఒళ్ళంతా గాయాలతో కూలిన జర్మన్ సేనాని డి కాల్బ్‌కు 1780 నాటి వాగ్దానం ఆనపొలిస్‌లో తీరింది 1886లో. యార్క్‌టౌన్ విజయ స్తంభానిది కూడా ఇదే దారి. 1781 అక్టోబర్‌లో తీర్మానం, 1881లో పునాదిరాయి. సరిగ్గా నూరేళ్ళు.

కారణం డబ్బు. ఆ కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారం లేదు. అది అచ్చువేసిన కాగితం నోట్లకు విలువ లేదు. ఇంకో కారణం కూడా ఉందని చరిత్రకారులు అంటారు. విగ్రహం అంటే రాజు అన్న అనుమానం కొత్త గణతంత్రంలో బాగా ఉండేది. 1776 జులై 9న న్యూయార్క్ జనం మూడో జార్జి విగ్రహాన్ని తాళ్ళతో లాగి పడేశారు. అందులోని సీసాన్ని కనెటికట్‌లో కరిగించి 42,088 తుపాకీ గుళ్ళు పోతపోశారు. రాజును గుళ్ళు చేసి రాజు సైన్యం మీదే పేల్చిన జనం వెంటనే తమ సేనానులకు విగ్రహాలు నిలబెట్టడానికి తటపటాయించారంటే నమ్మొచ్చు.

ప్రభుత్వం చేయని పని ఎవరు చేశారన్నది అసలు ప్రశ్న. బోస్టన్ పక్కన బంకర్ హిల్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1775 జూన్ 17న ఆ గుట్ట మీద చనిపోయిన డాక్టర్ జోసెఫ్ వారెన్‌కు మొదటి స్మారకం 1794లో లేచింది. చెక్కతో చేసిన పద్దెనిమిది అడుగుల స్తంభం. కట్టింది ఫ్రీమేసన్లనే సోదర సంఘపు స్థానిక శాఖ, ఎందుకంటే వారెన్ మేసన్లలో పెద్ద హోదా ఉన్నవాడు. అంటే అది ఒక అధికారి స్తంభమే గానీ, అంతకుముందు ఒక సంఘ సభ్యుడి స్తంభం. తర్వాతి తరానికి అది చాలలేదు. గుట్ట మీద పోరాడినవాళ్ళందరికీ కలిపి 221 అడుగుల గ్రానైట్ స్తంభం కట్టాలని కొత్త సంఘం పుట్టింది. 1825లో విప్లవంలో పోరాడిన ఫ్రెంచి సేనాని లాఫాయెట్ వచ్చి పునాదిరాయి వేశాడు. డబ్బు చాలక పని ఆగింది, సాగింది, మళ్ళీ ఆగింది. చివరికి సంఘం ఏం చేసిందంటే, తన చేతిలో ఉన్న యుద్ధభూమిలో చాలా భాగాన్ని ఇళ్ళ స్థలాలుగా అమ్మేసింది. యుద్ధాన్ని గుర్తుంచుకోవడానికి స్తంభం, స్తంభం పూర్తి చేయడానికి యుద్ధభూమి అమ్మకం. దేవుడి మాన్యం అమ్మి గాలిగోపురం కట్టించిన ధర్మకర్తల కథలు విన్న మనకు ఇది కొత్తగా అనిపించదు. అదీ చాలక, 1840లో సేరా హేల్ అనే పత్రికా సంపాదకురాలు ఆడవాళ్ళను కూడగట్టి వారం రోజుల సంత పెట్టి, ముప్పై వేల డాలర్లు తెచ్చిపెట్టింది. 1843కి పని పూర్తయింది. పాత చెక్కస్తంభానికి చిన్న పాలరాతి నమూనా చేయించి కొత్త స్తంభం లోపల పెట్టారు. ఒకప్పుడు గుట్టంతా తనదైన వారెన్ ఇప్పుడు గుట్ట మీది స్తంభం లోపల అతిథి.

అంతర్యుద్ధం ముగిసి, 1876లో స్వాతంత్ర్య శతజయంతి వచ్చాక అసలు హోరు మొదలైంది. ఊరూరా సంఘాలు, పాత కుటుంబాల వాళ్ళు, రైలు కంపెనీలతో పరిచయమున్న వకీళ్ళు, స్వాతంత్ర్య సమరయోధుల వారసురాళ్ళమని గుర్తింపు కార్డులు పంచుకున్న మహిళా సంఘాలు. దక్షిణాన గిల్‌ఫర్డ్ కోర్ట్‌హౌస్ మైదానం దీనికి మంచి ఉదాహరణ. 1781 మార్చి 15న అక్కడ అమెరికన్ సేనాని నథానియల్ గ్రీన్ ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్‌తో పోరాడాడు. మైదానం కార్న్‌వాలిస్‌కే దక్కింది గానీ, ఆయన సైన్యంలో నాలుగో వంతుకు పైగా చచ్చిపోవడమో గాయపడడమో జరిగింది. 1886లో డేవిడ్ షెంక్ అనే న్యాయమూర్తి ఆ భూమి కొని, మరుసటి ఏడు సంఘం పెట్టి, స్మారకాలు నాటడం మొదలుపెట్టాడు. కొని కాపాడినందుకు మెచ్చుకోవాలి. కానీ నాటినవాటిలో ఆ మైదానంతో సంబంధం ఉన్నవి కొన్నే. నార్త్ కరోలినా వీరులైతే చాలు, ఎక్కడ చచ్చిపోయినా ఇక్కడ రాయి దొరికింది. అన్నిటికన్నా పెద్ద చోద్యం నాష్, డేవిడ్సన్ అనే ఇద్దరు సేనానుల పేరిట కట్టిన రాతి తోరణాలు. ఒకాయన ఫిలడెల్ఫియా దగ్గర జెర్మన్‌టౌన్ పోరులో గాయపడి 1777లో పోయాడు. రెండో ఆయన కటాబా నది రేవు దగ్గర 1781 ఫిబ్రవరిలో పోయాడు. ఇద్దరూ ఇక్కడ పోరు జరిగేనాటికే పోయారు. ఎప్పుడో ప్రకటించి ఎగ్గొట్టిన స్మారకాలకు వాషింగ్టన్ ప్రభుత్వం నుంచి 1903లో డబ్బు రాబట్టగలిగారు కాబట్టి, వచ్చిన డబ్బు ఇక్కడ ఖర్చు పెట్టారు. మైదానం నేషనల్ పార్క్ సర్వీస్ చేతికి వచ్చాక, 1937లో ఆ రెండు తోరణాలనూ పడగొట్టారు. స్మారకాలు పడగొట్టడం ఈ పదేళ్ళలో పుట్టిన జబ్బు అనేవాళ్ళు ఈ తేదీ గుర్తుంచుకోవాలి.

అదే గిల్‌ఫర్డ్‌లో 1902లో కెరెన్‌హాపక్ టర్నర్ అనే ఆవిడకు విగ్రహం పెట్టారని కూడా చెప్పాలి. గాయపడిన కొడుకు కోసం ఎంతో దూరం గుర్రం మీద వచ్చి సేవ చేసిందని ఆ కుటుంబం చెప్పుకునే కథ. అధికారుల నడుమ చేతిలో గిన్నె, తువ్వాలు పట్టుకున్న ఆడమనిషి. నాకు ఆ మైదానంలో గుర్తుండిపోయే విగ్రహం అదే. గ్రీన్ గుర్రపు విగ్రహం 1915లో గానీ రాలేదు.

వలస వచ్చినవాళ్ళు కూడా ఈ పనిలోకి దిగారు, వాళ్ళ కారణం ఇంకోటి. సారటోగాలో కోటలు గీసిన పోలిష్ ఇంజనీరు కొష్చుష్కోకు 1930లలో ఆ మైదానంలోనే రాయి పడింది. 1779లో సవానా ముట్టడిలో ఫ్రెంచి సైన్యంతో పాటు వచ్చిన హైతీ నల్లజాతి సిపాయిలకు ఆ ఊరి కూడలిలో స్మారకం వచ్చింది ఈ శతాబ్దంలో, 2007లో. మేమూ మొదటినుంచీ ఉన్నాం అని చెప్పుకోవడానికి రాయిని మించిన రుజువు లేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో వీధికీ పార్కుకూ తెలుగు పేరు కోసం తిరిగే మనవాళ్ళకు ఈ ఆరాటం తెలియంది కాదు. కాకపోతే వాళ్ళకు 1779 ఉంది, మనకు లేదు.

శత్రువులకు పెట్టిన రాళ్ళు ఇంకా ఆసక్తి. దక్షిణాన కింగ్స్ మౌంటెన్ గుట్ట మీద 1780 అక్టోబర్ 7న ఇంగ్లీషు పక్షపు మేజర్ ప్యాట్రిక్ ఫెర్గసన్ చనిపోయాడు. ఆ పోరులో పాల్గొన్న బ్రిటిష్ సైనికుడు దాదాపు ఆయన ఒక్కడే. మిగతావాళ్ళంతా రెండు వైపులా అమెరికన్లే. స్కాట్లండ్ ఆచారం ప్రకారం సమాధి మీద రాళ్ళ కుప్ప వేశారు, వచ్చిపోయేవాళ్ళు ఇప్పటికీ ఒక్కో రాయి వేస్తుంటారు. 1930లో, నూట యాభై ఏళ్ళ పండగకు, అమెరికన్ పౌరులే ఆయనకు సమాధిఫలకం చెక్కించి స్నేహానికి గుర్తని రాశారు. ఫెర్గసన్ చనిపోయాక అక్కడ తెల్లజెండా ఎత్తిన అధికారి పేరు కెప్టెన్ ఏబ్రహం డి పైస్టర్. సారటోగాలో బూటు నిలిపిన డి పైస్టర్‌ది ఆ కుటుంబమే. విప్లవంలో రాజు పక్షాన నిలిచిన న్యూయార్క్ ధనికుల ఇల్లది. వాళ్ళ వారసుడు, పక్షం మార్చిన ఒకడికి రాయి పాతాడంటే అందులో సైనిక చరిత్ర మీద మక్కువ ఒక్కటే ఉందని నేననుకోను.

మరి పేరెందుకు చెక్కలేదు? ఆండ్రే కథలో కొంత జవాబు దొరుకుతుందేమో. అట్లాంటిక్ సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగ వేయించిన సైరస్ ఫీల్డ్ 1879లో, ఆండ్రేను ఉరి తీసిన టాపాన్ ఊళ్ళో ఆయన పేర రాయి పెట్టించాడు. దాన్ని 1882లో ఒకసారి, 1885లో ఇంకోసారి పేల్చేశారు. అయినా ఆండ్రే శత్రువే గానీ ద్రోహి కాదు. ఉరికంబం దగ్గర ఆయన నిబ్బరం చూసి అమెరికన్ అధికారులే కన్నీళ్ళు పెట్టుకున్నారు. అలాంటివాడి రాయికే మందుగుండు పెట్టిన రెండేళ్ళకు, ఆర్నల్డ్ పేరు రాతికెక్కిస్తే అది ఎన్నాళ్ళు నిలబడేది? సిగ్గు కొంత ఉండొచ్చు, జాగ్రత్త కూడా ఉండి ఉంటుంది. ఈ రెండో మాట రుజువు లేని నా ఊహ.

పేరు మానేసినా తప్పులు మానలేదు డి పైస్టర్. ఆర్నల్డ్ ఇక్కడ గెలుచుకున్నది మేజర్ జనరల్ హోదా కాదు. అది అప్పటికి ఐదు నెలల ముందే, రిడ్జ్‌ఫీల్డ్ పోరు తర్వాత, 1777 మేలో వచ్చేసింది. తనకన్నా చిన్నవాళ్ళు ఐదుగురిని కాంగ్రెస్ ముందే పైకెక్కించడంతో ఆయనకు పోయింది వరుసలో స్థానం. సారటోగా తర్వాత తిరిగి దక్కింది అది. ఆ మనిషి జీవితాంతం రగిలింది ఆ వరుస గురించే. సరిగ్గా దాన్నే రాయి తప్పు రాసింది.

అక్కడికి కొన్ని మైళ్ళ దూరంలో, బర్గోయిన్ లొంగిపోయిన చోట, 155 అడుగుల సారటోగా స్తంభం ఉంది. 1877లో పునాది, 1912లో ప్రారంభోత్సవం. నాలుగు దిక్కులా నాలుగు గూళ్ళు. మూడింటిలో అమెరికన్ సేనానులు గేట్స్, స్కైలర్, మోర్గన్ నిలబడి ఉన్నారు. దక్షిణపు గూడు ఖాళీ, అది ఆర్నల్డ్‌ది. గేట్స్ విగ్రహం చెక్కిన జార్జ్ బిసెల్ చేతులే బూటు కూడా చెక్కాయి. ఒకే శిల్పి, పోట్లాడుకున్న ఇద్దరిలో ఒకరిని నిలువెత్తున, ఇంకొకరిని మోకాలి కింది వరకు మలిచాడు. వెస్ట్ పాయింట్ సైనిక పాఠశాల పాత ప్రార్థనామందిరంలో విప్లవ సేనానుల పేర్లున్న ఫలకాల వరుసలో ఒకదాని మీద హోదా, పుట్టిన సంవత్సరం తప్ప పేరు లేదు. అది కూడా ఆయనదే.

అయితే ఆ పేరు పూర్తిగా చెక్కిన యుద్ధ స్మారకం ఒకటుంది. కనెటికట్‌లో గ్రాటన్ గుట్ట మీద, 1830లో పూర్తయిన రాతి స్తంభం. 1781 సెప్టెంబర్ 6న ఇంగ్లీషు సైన్యంతో వచ్చి ఆర్నల్డ్ న్యూలండన్ రేవును తగలబెట్టించాడు. ఎదురుగట్టున గ్రిస్వల్డ్ కోటలో కల్నల్ లెడ్యార్డ్‌ను, లొంగిపోయి కత్తి అప్పగిస్తుండగా పొడిచి చంపారని అక్కడివాళ్ళు చెబుతారు. లొంగిపోయాక కూడా చాలామందిని చంపారు. ద్వారం మీద ఫలకంలో ద్రోహి అన్న బిరుదుతో సహా ఆర్నల్డ్ పేరుంది. ఆయన పుట్టిన నారిచ్ అక్కడికి పదిహేను మైళ్ళు కూడా లేదు. గెలిపించిన మైదానంలో పేరు లేని మనిషికి, తగలబెట్టిన ఊళ్ళో పేరు దక్కింది.

ఈ రెండు రాళ్ళను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు బూటు మీద కోపం రాదు. యుద్ధభూమిలో రాయి ఆ నేల మీద జరిగినదానికి జవాబుదారీ కావాలి. మనిషి జన్మంతటికీ మార్కులు వేయడం దాని పని కాదు. మన వీరగల్లు మీద కూడా చూడండి, పోరు ఒక గడి, చావు ఒక గడి, పైగడిలో స్వర్గం. వాడు అంతకుముందు ఎవరి అప్పు ఎగ్గొట్టాడో ఉండదు. ఈ లెక్కన గిల్‌ఫర్డ్ తోరణాలు తప్పు, అవి పోవడమే మంచిదైంది. గ్రాటన్ ఫలకం ఒప్పు. బూటు కూడా ఒప్పే. ఆ చోట ఆ రోజు విరిగింది ఒక కాలు, రాయి చెప్పేది ఆ కాలి గురించి. పేరు కావాలంటారా, పార్కువాళ్ళు యాత్రికులకు చెప్పే కథలో ఆర్నల్డ్ పేరు దాచింది లేదు. ఇప్పుడు కొత్తగా రాతి మీద చెక్కితే 1887 చెరిగిపోతుంది. అప్పటివాళ్ళకు ఆ పేరు రాయడం చేతకాలేదన్నది కూడా చరిత్రే కదా. తీసేయమనేవాళ్ళకు ఒకటే చెప్పగలను. తీసేస్తే అక్టోబర్ 7 సాయంత్రాన్ని, సెప్టెంబర్ పోరు మీద గేట్స్ నివేదిక రాసినట్టే రాసుకోవాల్సి వస్తుంది.

దీని గురించి రాసే తెలుగువాడు కార్న్‌వాలిస్‌ను విడిచిపెట్టలేడు. యార్క్‌టౌన్‌లో సైన్యాన్ని పోగొట్టుకున్న ఆ సేనాని ఐదేళ్ళకే, 1786లో, గవర్నర్ జనరల్‌గా మన దేశంలో దిగాడు. నిజాం, మరాఠా సైన్యాలను కూడగట్టుకుని టిప్పు మీదికి వెళ్ళాడు. 1792 శ్రీరంగపట్నం ఒప్పందంతో టిప్పు రాజ్యంలో సగం పోయింది. కడప సీమ నిజాం చేతికి వచ్చింది, ఎనిమిదేళ్ళకు కుంపినీ చేతికి పోయింది. మద్రాసు కోట మ్యూజియంలో థామస్ బ్యాంక్స్ చెక్కిన కార్న్‌వాలిస్ విగ్రహం ఉంది. పీఠం మీద టిప్పు కొడుకులను బందీలుగా అప్పగిస్తున్న దృశ్యం. అదే విప్లవ యుద్ధంలోని అధికారి, నిలువెత్తు పాలరాయి, పూర్తి పేరు. 1805లో ఘాజీపూర్‌లో చనిపోతే గంగ ఒడ్డున పెద్ద గుమ్మటం కట్టారు. ఓడిపోయినవాడికి ఇన్ని దొరికాయంటే, ఆయన ఓడిన చోట వాటిని కట్టలేదు కాబట్టి.

ఆర్నల్డ్ 1801 జూన్ 14న లండన్‌లో చనిపోయాడు. ఇంగ్లీషువాళ్ళు డబ్బిచ్చారు, పింఛనిచ్చారు, బ్రిగేడియర్ చేశారు. నమ్మి పెద్ద సైన్యం మాత్రం చేతిలో పెట్టలేదు. సైనిక లాంఛనాలు లేకుండా థేమ్స్ ఒడ్డున బాటర్‌సీలో సెయింట్ మేరీ చర్చి నేలమాళిగలో పూడ్చారు. చర్చిలో రంగుటద్దాల కిటికీ ఒకటి ఆయన పేర ఉంది. ఎడమకాలు కూడా అక్కడే ఉంది, మిగతా ఒంటితో పాటే.